సంబంధం అనే గడి

ఆ చేతిరాత నాదే, అయ్యా.
పన్నెండేళ్ల కిందట, పెరంబూరులో
క్యారేజీ వర్క్స్ గేటుకెదురు టీకొట్టు బల్లమీద రాశాను.
గ్లాసు అడుగు ముద్రేసిన సున్నా ఇంకా ఉంది చూడండి,
మీ కోర్టు సీలు పక్కనే.

వరదయ్య డ్యూటీ తొందరలో ఉన్నాడు.
నామినీ ఎవరంటే
"మునెమ్మక్క పేరు వెయ్యన్నా" అన్నాడు.
పక్క గడిలో, సంబంధం అని ఉంది.
నేను అడగలేదు.
అక్క అన్నాడు కదా, ఇంగ్లీషులో సిస్టర్ అని రాసేశాను.
"పెళ్లయ్యాక మార్చుకుందువులే" అని కూడా అన్నాను.
రోజుకు పదిమందితో అనే మాట అది.
ఆ కమీషనుతో కొన్న ఫ్యాను
మా ఇంట్లో ఇంకా తిరుగుతోంది.

ఇప్పుడు ప్యారిస్ కార్నర్ దగ్గర ఎర్ర కోర్టులో
నాలుగో ఏడు వాయిదాలు.
బెంచీకి ఈ కొసన వరదయ్య పెళ్లాం సెల్వి,
ఆ కొసన మునెమ్మ,
మధ్యలో ఎవరిదో గొడుగు.

"ఒకే తల్లికి పుట్టారా?"
"లేదయ్యా."
"పోనీ ఒకే తండ్రికి?"
"లేదయ్యా."
"మరి ఏమవుతావు?"

మునెమ్మ నావైపు చూసింది,
రాసినవాడికి తెలియాలి కదా అన్నట్టు.
"గూడూరు బండి దిగొచ్చిన రోజు
కాళ్లు కడుక్కోమని చెంబు అందించాను.
పదేళ్లు మా ఇంట్లోనే తిన్నాడు."
దుబాసీ దాన్ని తమిళం చేసి,
టైపిస్టు ఇంగ్లీషు చేశాక
కాగితం మీద మిగిలింది ఇంతే:
మృతుడికి సాక్షి నీళ్లు ఇచ్చెను.

నామినీ అంటే అందుకునే చెయ్యేగాని
తినే నోరు కాదన్నాడు సెల్వి తరఫు లాయరు.
చట్టం తెలిసినవాడు, కాదనలేను.
మునెమ్మకు ఆ ఒక్క ముక్కే అర్థమైనట్టుంది.
"ఆ చెయ్యి నాదేనని రాసుకోండి" అంది.
కాసేపాగి,
"డబ్బు వద్దని మాత్రం అనను.
దినాలకు తెచ్చిన అరవై వేలకు
వడ్డీ నేనే కడతన్నా."

ఆ మాటకు సెల్వి తల దించుకుంది.
తెలుగు రాదనుకున్నాను ఆమెకు.

తీర్పు వేసవి సెలవుల తర్వాతట.
బయట చెరుకురసం బండి దగ్గర
సెల్వి కొంగు తలమీద కప్పుకొని
"అన్నా, వ్యాసర్‌పాడి బస్సు ఇక్కడ ఆగుతుందా?" అంది.

రెండు భాషల్లోనూ ఒకటే ఆ పిలుపు.
జవాబు చెప్పబోతూ
ఎవరైనా రాసుకుంటున్నారేమోనని
చుట్టూ చూశాను.