సున్న జారిన చోట

గుర్రంపోడు దాటినంక ఎర్రదుబ్బ బాట.
సైదమ్మ బత్తాయి తోటలో
ఏడు వరుసలు బంక కార్చుకుంటూ నిలబడ్డాయి.
మొదళ్ళ దగ్గర బెరడు పగిలి, తేనెరంగు జిగట,
చీమలకు కూడా పనికిరానిది.
వేరు తోలు వేలితో లాగితే
తడిసిన అట్టలా ఊడొచ్చింది.

ఎనిమిదో వరుసలో మూడో చెట్టు మాత్రం
పచ్చగా, కొంచెం పొగరుగా.
దాని వేళ్ళకంటిన మట్టిని
పాలకవర్‌లో వేసి ముడేసి ఇచ్చింది:
"దీన్ల ఏదో ఉన్నది మేడమ్, సూడు."

ఉంది.
అతినీల దీపం కింద, ప్లేటు మీద
పచ్చిపసుపు వెలుగు చిమ్ముతూ ఒక చుక్క.
కుళ్ళు బూజు దాని దాకా పాకి
ఎవరో గీత గీసినట్టు ఆగిపోయింది.
ఆ రాత్రి హాస్టల్ మెస్సులో
చల్లారిన అన్నం ముందు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మంచి తిండి పెట్టాను దానికి.
పెప్టోన్, గ్లిజరిన్, ఇరవై ఎనిమిది డిగ్రీల వెచ్చదనం.
ప్లేటు నుంచి ప్లేటుకు మూడేళ్ళు.
దాని లెక్కలో ఎన్ని వంశాలో.
ఆఖరికి డబ్బాల్లో నింపి తోటకు తెచ్చి
పాదు పాదుకూ పోయించాను.
వానలు వెళ్ళేలోగా
ఇంకో రెండు వరుసలు ఎండిపోయాయి.

జీన్లు చదివించాను.
అరవై ఐదు లక్షల అక్షరాల్లో
ఒక్కటి లేదు.
పండులో సున్న జారితే
పడు అవుతుందే, అంతే.

మందు వండే జీన్లన్నీ భద్రంగానే ఉన్నాయి,
పొయ్యి, కట్టెలు, గిన్నె.
అగ్గిపుల్ల గీసే జీన్ ఒక్కటే పోయింది.
ఎందుకు గీయాలి?
నా ప్లేటులో శత్రువు లేడు, ఆకలి లేదు.
వండే శ్రమ మానుకున్నది
పక్కదానికంటే ముందు పిల్లల్ని కన్నది.
చివరికి ప్లేటు నిండా అవే, బొద్దుగా.
వెలుగు తగ్గలేదు, ఇంకా పెరిగింది.
దాన్ని చూసే మోసపోయాను.

సైదమ్మకు చెప్పడానికి వారం పట్టింది.
కొట్టేసిన మొద్దు మీద కూర్చుని విన్నది.
"అంటే నువ్వు దాన్ని మేపి చెడగొట్టినవ్."
అవును.
"మరి నా రెండు వరుసలు?"

నా నోట్‌బుక్‌లో
దిగుబడి నష్టం అని ఒక గడి ఉంది.
అంకె వేశాను. అది జవాబు కాదని
ఇద్దరికీ తెలుసు.

చాలాసేపు బోరు మోటరు చప్పుడు.
తర్వాత లేచి, గడ్డపార తీసుకుని,
ఎనిమిదో వరుసలో మూడో చెట్టు దగ్గర
వేరు తెగకుండా, పిల్ల తల దువ్వినట్టు
మెల్లగా తవ్వింది.
ఇంకో పాలకవర్.
"ఈసారి కడుపు మాడ్చు" అన్నది,
దానికి చెప్పిందో నాకు చెప్పిందో.

ముడి ఎంత గట్టిగా వేసిందంటే
ల్యాబులో కత్తెర దొరకక
పళ్ళతో విప్పాల్సి వచ్చింది.