పదో వాక్యం

తొమ్మిది గంటల కాడ పుస్తకం తెరిసింది గుంట.
కాశీబుగ్గలో కరెంటు అప్పుడే వొచ్చింది,
తిరగడానికి ఫేనుకింకా మనసు రానేదు.

"అమా, గ్రీకు నాగరికత. పది వాక్యాలు. ఒక బొమ్మ."

గ్రీకంటే ఏటో నాకు తెల్దు.
నాకు తెలిసిన నాగరికత
గుండు, బద్ద, ముక్క.
గుండుకో రేటు, బద్దకో రేటు,
ముక్క మా ఇంటి పాయసం దాకా రాదు,
దాన్నీ కాటా ఏసే పట్టుకుపోతారు.

జోషిత పైకి సదువుతంటే
నేను ఏళ్ళకి ఆముదం రాసుకుంటన్నాను.
"ఏథెన్సు నగరం సముద్రానికి దగ్గరలో ఉండేది."
మనూరూ అంతే కదే, అక్కుపల్లి ఎంత దూరమని?
"అమా, మద్దిలో మాటాడకు."
"అక్కడ ఆలివ్ చెట్లు విస్తారంగా పెరిగేవి."
ఆ కాయలు ఎవులు కొట్టీవోరు? పిక్క ఎవులు తీసీవోరు?
పుస్తకంలో నేదంట.

ఆటల్లో గెలిసినోడికి ఆకుల కిరీటం ఎట్టీవోరట.
"డబ్బులివ్వరా?" గుమ్మం కాడ కూకున్న గున్నమ్మ అడిగింది,
"ఆకుల్తో ఏటి, కూరొండుకుంటాడా?"

ఏడో వాక్యం కాడ మా ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి.
కుండ పెంకు మీద పేరు గీసి
గిట్టని పెద్దమనిసిని
పదేళ్ళు ఊరి బైటకి తోలీసేవోరట.
పెంకు మీద. పగిలిపోయిన కుండ పెంకు మీద!
గున్నమ్మ నాపక్క సూసింది, నేను గున్నమ్మపక్క.
ఇద్దరి నోట్లోనూ ఒకటే పేరు:
కాటా కాడ కూకునీవోడు,
కేజీకి యాభై గ్రాములు గాలికి పోద్దనీవోడు.
"మా పెరట్లో పెంకులు బోలెడున్నాయే" అంది గున్నమ్మ.
నవ్వి నవ్వి దగ్గొచ్చింది దానికి.
పిక్కల పొగ దగ్గు, ఎప్పుడూ నవ్వుతోనే బయల్దేరతాది.

"పౌరులందరికీ ఓటు హక్కు ఉండేది.
స్త్రీలు, బానిసలు పౌరులు కారు."
ఎక్కం సదివినట్టే సదివీసింది.
తరవాత పెన్ను ఆగింది.

"అమా, నీకుందా ఓటు?"

మొన్న ఎలచ్చన్లకి, దాని బడిలోనే,
దాని బెంచీ మీదే,
సిరా ఎట్టీ అమ్మాయి నా ఎడం సెయ్యి పట్టుకుని
ఇటు తిప్పింది, అటు తిప్పింది.
జీడి తినీసిన నలుపు,
గోరు మొదలు నుంచి కణుపు దాకా.
"ముందే ఏసీసేరా మీకు?" అనడిగింది.
ఎనక లైనంతా నవ్వింది. లైనంతా మాలాటోళ్ళే.
ఆకరికి ఎట్టింది, నలుపు మీద నలుపు.
ఓటేసినట్టు నాకు తప్ప ఎవులికీ తెల్దు.

ఇదంతా గుంటకి సెప్పనేదు.
"ఉందే" అన్నాను. అంతే.

బొమ్మ మిగిలింది.
ఎర్ర కుండ మీద నల్ల మనుసులు.
నల్ల పెన్సిలు అరిగిపోయింది, కాటుక డబ్బీ తెచ్చుకుంది.
మొగం గీసింది, ఈటె గీసింది.
ఏళ్ళు గీసేటప్పుడు నా సేతికేసి సూసింది,
ఒకసారి కాదు,
సూసి సూసి ఐదూ గీసింది.
ఈటె ఉన్నోడి పక్కన ఇదెవులే?
"ఆడమనిసి. గంపెట్టాను, కనబడతందా?"

పొద్దున్న సైరనుకి ముందు, అది నిద్దర్లో ఉండగా
పుస్తకం తీసాను.
ఐదో తరగతి దాకా నేనూ ఎల్లాను,
కూడబలుక్కుంటే సదవగల్ను.

పదో వాక్యం పుస్తకంలోది కాదు.
"ఏథెన్సులో మా అమ్మకి ఓటు లేదు."
దాని కింద సిన్నచ్చరాలు:
"ఇక్కడ ఉంది. కానీ కనపడదు."

మేస్టారు కోప్పడతారు,
లెగిసి సెరిపీసినా సెరిపీగల్దు.
సంచీ అంతా ఎతికితే
అడుగున దొరికింది రబ్బరు, సగం కొరికింది.

కొంగులో ముడేసుకుని
క్యారేజీ పట్టుకుని
బేగి ఎల్లిపోయాను పనికి.