వాషరు

పంపులు దిగిన రోజే పుట్టిందట ఆ పిల్ల.
తలందిరా అని పేరు పెట్టారు.
అందుకున్నాం, అని అర్థం.
రసీదు మీద సంతకం పెట్టినట్టు.

షిరే నది ఒడ్డున, న్యాముతంబోకి
నేను రెండోసారి వెళ్ళేసరికి
తలందిరాకి నాలుగేళ్ళు నిండాయి.
ఇంజనుకీ పంపుకీ మధ్య గడ్డి పోగేసుకుని
ఒక కోడి పొదుగుతోంది.

మొదటిసారి వెళ్ళింది బిగించడానికి.
నేను ఫిట్టర్ని. లెక్కలు నాకెవరూ చెప్పరు.
చెక్కపెట్టెల మీద పక్కపక్కన రెండు జెండాలు,
కింద చిన్న అక్షరాల్లో ఇరవై ఐదేళ్ళ అప్పు,
నూటికి ఏడాదికి ఒకటింబావు.
మా నాన్నకి జన్మలో ఎవరూ ఇంత చవగ్గా ఇవ్వలేదు.

తర్వాత క్యాంటీన్లో ఒకాయన విడమరిచాడు:
అప్పిచ్చిన దేశం పంపులే కొనాలని ఒప్పందం.
కాబట్టి ఆ డబ్బు సముద్రం దాటలేదు.
బ్యాంకులోంచి మా కంపెనీ ఖాతాలోకి
ఒక వీధి దాటింది, అంతే.
సముద్రం దాటింది మేమే,
ఎనభై పంపులూ నేనూ.

అయినా సరే, చూశాను కదా,
మొదటి నీళ్ళు కాలవలో పడ్డప్పుడు
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
నీళ్ళకి ఎదురుగా నిలబడి
ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ
పసివాడికి నడక నేర్పినట్టు
మడిదాకా నడిపించుకుపోయారు.

రెండేళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, కాస్త వరి.
మూడో ఏట వాషరు పోయింది.
పాత రూపాయి బిళ్ళంత నల్ల రబ్బరు ముక్క.
జిల్లా ఆఫీసుకి రాశారు,
వాళ్ళు రాజధానికి రాశారు,
రాజధాని ఏ పద్దు కింద అని తిరిగి రాసింది.
తలందిరా అమ్మమ్మ, ఫైనేసి,
తన చెప్పు కోసి వాషరు చేసింది. పదకొండు రోజులు ఆడింది.
సైకిలు ట్యూబుతో చేసింది. నాలుగు రోజులు.
ఆ తర్వాత మళ్ళీ డబ్బాలు, మళ్ళీ రేవు.
ఒకదాన్ని మొసలి లాక్కుపోయింది.
డబ్బానే. అదృష్టం.

"పంపు ఆగింది కదా, అప్పూ ఆగిందా?"
ఫైనేసి అడిగింది, సంఘం కార్యదర్శి లైటన్ చేత అడిగించింది.
వడ్డీకి డీజిలు అక్కర్లేదమ్మా అన్నాను.
లైటన్ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

మాట మార్చాలని,
ఆమె చంకలోని పిల్ల బుగ్గ తాకి, అలవాటుగా,
అసలు కంటే వడ్డీ ముద్దు అనేశాను.
మా వైపు మనవల్ని చూసి అనే మాటే.
లైటన్ దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ
ఎలాగో ఆమె చెవిన వేశాడు.
ఫైనేసి చాలాసేపు ఏమీ అనలేదు.
ఇంకా ఎన్నేళ్ళు అంది.
ఇరవై ఒకటి.

పిల్ల చేతివేళ్ళు ముడిచింది, పది.
కాలివేళ్ళు ముట్టుకుంది, పది.
చాలక తన బొటనవేలు ఒకటి కలిపింది.
చక్కిలిగింతలు పుట్టి పిల్ల కిలకిలా నవ్వుతోంది.

నా చొక్కా జేబులో ఆరు వాషర్లున్నాయి.
స్టోర్స్ లోంచి తీసుకొచ్చాను, ఎవరికీ చెప్పకుండా.
బిగిద్దామంటే కోడి లేవలేదు.
లేపొద్దంది ఫైనేసి.
డీజిలు సోమవారం గాని రాదు,
ఈలోగా పొదిగేదాన్ని ఎందుకు కదపడం?
నా విమానం శనివారం.
పక్కనున్న చచ్చిన పంపు విప్పి
ఎలా బిగించాలో రెండుసార్లు చూపించాను.
మూడోసారి నా చేతిలోంచి స్పానరు లాక్కుని
తనే బిగించింది, నాకంటే శుభ్రంగా.

ఆరూ ఆమె కట్టుగుడ్డ కొంగున ముడివేస్తుంటే
పిల్ల ఒకటి లాగి
బొటనవేలికి ఉంగరంలా తొడుక్కుంది.
ఫైనేసి దాన్ని మెల్లగా ఊడదీస్తూ ఏదో అంది.
ఇది మనది కాదే అందో,
ఇదొక్కటే మనది అందో.
లైటన్ అప్పటికే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.