మనిషి కాదు

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
బొగ్గుపొగ కొండదిగి వచ్చి
గుడారాల నెత్తిన కూర్చుంది.
మధ్యాహ్నం మూడింటికే బస్సులు దీపాలు వేసుకున్నాయి.

ముంగుంతుయా పొడుగు కోటు గుండీలు విప్పి
లోపలినుంచి ఒక మూట తీసింది.
మూటలో ఐదు నెలల మొహం.
ముక్కుమీద మసిబొట్టు.
చీకటివేళ బయటికి తెస్తే పెడతారట,
దయ్యం చూసి
కుందేలనుకొని పోతుందని.

"పేరు?"
"హూన్‌బిష్."
అంటే, మనిషి కాదు.
ముందు ఇద్దరు దక్కలేదు.
మూడోవాణ్ణి మృత్యువు లెక్కలోకి తీసుకోకుండా
నానమ్మ పెట్టిన పేరు.
మా వైపు పెంటయ్యలూ పుల్లయ్యలూ
ఇలాగే బతికి బట్టకట్టారు.

దులాంసురేన్ నవ్వలేదు.
ఇరవై ఏళ్ళుగా ఆమె పని ఇది:
దూది చుట్టిన పుల్లతో
పళ్ళు రాని చిగుళ్ళమీద, బుగ్గ లోపల,
నాలుక కింద ఒక్క చుట్టు.
వాడు పుల్లనే పాలనుకొని చప్పరించాడు.

రిజిస్టరులో పేరుకు గడి లేదు.
నమూనా రెండొందల పన్నెండు.
నెల నిండకముందే న్యుమోనియా, పది రోజులు సూదులు.
రెండో నెల దగ్గు, గులాబీరంగు సిరప్.
నాలుగో నెల జ్వరం, మళ్ళీ అదే సిరప్,
డాక్టరు రాయలేదు, బజారులో కొట్టువాడు ఇచ్చాడు.
"సగం సీసా మిగిలింది," అంది తల్లి,
"దాచాను."

రెండు రోజులకు
నెత్తుటిరంగు పళ్ళెంలో
పిల్లాడి నోరు మొలిచింది.
ఆవగింజలో సగం లేని చుక్కలు, వందలు.
నడుమ నాలుగు తెల్లటి మందుబిళ్ళలు.
మందు పారితే బిళ్ళ చుట్టూ
చంద్రుడికి వరదగుడి కట్టినట్టు
ఖాళీ వలయం కట్టాలి.
మొదటిదానికి గుడి లేదు.
రెండోదాని అంచుదాకా వచ్చి ఆనుకున్నాయి,
చలికి పొయ్యి దగ్గరికి జరిగిన పిల్లల్లా.
మూడోదానికీ లేదు.

ఇవి రోగాలు కావు.
మొదటి ముద్దుతో, మొదటి గుక్కతో
నోట్లో కాపురానికొచ్చిన ఇరుగుపొరుగు.
సూది పడ్డప్పుడల్లా చచ్చినవి చావగా
మిగిలినవాటి దగ్గర ఒక ఉపాయం ఉంది.
వీటి నోట్లో నువ్వుగింజ నానదు.
దారినపోయే దొంగకైనా
ఆ ఉపాయం చెప్పేస్తాయి.
ఊపిరితిత్తుల్లోకి దిగేది ఆ దొంగే.

పిల్లాణ్ణి మారుపేరుతో దాచారు గాని
వాడి నోట్లోవాళ్ళకు
మందుల అసలు పేర్లన్నీ తెలుసు.
ఇంకా పన్ను రాలేదు వాడికి.

"సూదులు వేయించడం నా తప్పా?"
దులాంసురేన్ చేతి గ్లౌజు వేలువేలుగా లాగింది.
"ఆ సూదులు లేకపోతే
నేను పుల్ల పెట్టడానికి నోరే ఉండేది కాదు.
సిరప్ సంగతి వేరు.
ఆ సీసా పారబొయ్యి.
వద్దు, పారబొయ్యకు. ఇక్కడికి తెచ్చి ఇవ్వు."

నాలుగో బిళ్ళ చుట్టూ
సన్నగా ఒక గుడి.
స్కేలు పెట్టి కొలిచింది.
నమ్మకం కుదరక మళ్ళీ కొలిచింది.

బయట చీకటి.
తల్లి జేబులోంచి మసి పొట్లం తీసి
ముక్కుమీద కొత్తగా దిద్దింది.
కుందేలుపిల్ల ఒకటి
పెద్దగా ఆవలించి
పొగలోకి వెళ్ళిపోయింది.