కాలేజంలో తెలుగు

వరద తీసిన నాలుగో దినం
తాళం తీసినా తలుపు రాలేదు.
లోపల పుస్తకాలు నీళ్లు తాగి, ఉబ్బి
బీరువా అద్దాల్ని తన్నుకొని నిలబడినాయి.

శరీరశాస్త్రం నాలుగో సంపుటం.
దాన్ని కరుచుకొని, అట్టకు అట్ట అంటుకొని
సీమ మాటల నిఘంటువు,
ఆరో వార్డులో పోయిన తెలుగు అయ్యవారు
పోయేముందు మాకు రాసిచ్చింది.
రెండింటినీ ఒకే అరలో పెట్టిందెవరో చెప్పను.
ఆ పొద్దు డ్యూటీ నాదే.

పాతబస్టాండు ఎనక బైండింగు దస్తగిరి వచ్చినాడు.
మైదా గంజిలో మైలుతుత్తం చిటికెడు కలిపి
"పురుగుకు ఇంగిలీసైనా తెలుగైనా ఒకటే సార్" అన్నాడు.
మిద్దె మీద ఉల్లిగడ్డలు ఆరబోసినట్టు
కాగితాలు ఆరబోసినాడు.
ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి,
హంద్రీ తెచ్చి పడేసినవే.

ఆయనకు ఇంగ్లీషు రాదు.
నంబరు చెరిగినచోట బొమ్మను చూసి వరస కట్టినాడు:
గుండె కింద గుండె, ఎముక కింద ఎముక.
బొమ్మల్లేనివి ముప్పై దాకా మిగిలినాయి.
మిగిలింది పారేసే అలవాటు
ఆ ఇంట్లో లేదు.

సంపుటం బాగున్నట్టే రిజిస్టరులో రాసుకున్నా.
తెరిచి చూసిందెవరు?

పన్నెండేండ్లకు
రోణంకి స్నిగ్ధ, శ్రీకాకుళం పిల్ల, హౌస్ సర్జన్,
రాత్రి తొమ్మిదికి బల్ల మీద సంపుటం పరిచి
"సార్, ఈ లివర్లో తెలుగుంది" అనింది.

చూసినా.
కాలేజం బొమ్మ పక్కనే క అక్షరం పేజీ,
మరక అంచు మ్యాపులో చెరువులా ఉంది.
సిగ్గుపడి బ్లేడు తీసినా.
"ఉండండి" అని ఆ పిల్ల వేలు పెట్టి చదివింది.
కారు. కారెం. కార్జెం: కాలేజము, జంతువులదీ మనిషిదీ.

రెండు దినాలుగా కోడుమూరు అవ్వ
"కార్జెంలో కలుక్కుమంటాంది నాయనా" అంటాంటే
ఆ పిల్ల గుండె అని రాసుకొని
గుండెకే తీగలు తగిలించి చూస్తా ఉంది.

పెన్ను మూత కూడా పెట్టకుండా
వార్డుకు పరిగెత్తింది.

అవ్వ ఏమైందో నేనడగలేదు.
లైబ్రరీలో పని చేసేటోళ్లకు
సగం కథలు ఇట్లే ఆగిపోతాయి.

దస్తగిరికి చెప్తే నెత్తి గోక్కున్నాడు,
"తప్పు కుట్టినానా సార్? ఇప్పేమంటే ఇప్పుతా."
చేతులు వణుకుతాన్నాయి ఆయనకిప్పుడు.

వద్దన్నా.
నిఘంటువు కోసం తెలుగు పంతుళ్లెవరన్నా వస్తే
క దగ్గర సందు చూసి మొగం చిట్లిస్తారు.
మెడికల్ రాక్, కింది అర, అని చెయ్యి చూపిస్తా.
రెఫరెన్స్ పుస్తకం గదా,
ఇంటికిచ్చేది లేదు,
ఈడ్నే కూచోని చదువుకోవాల.