పొద్దున ఏడు, రాత్రి ఏడు

ముందుగా నాకు చెప్పింది నీళ్ల గిన్నె.
నింపిన గంటకే అడుగు కనపడేది.
తర్వాత ఇసక డబ్బా,
ఉంటలు ఉంటలుగా, ఎత్తితే బరువుగా.
ఆఖర్న దాని నడక.
మునివేళ్ల మీద కదా పిల్లి నడిచేది,
ఇది మడమలు నేలకానించి
కుందేలు మాదిరి ఈడ్చుకుంటా వస్తావుంది
జాబ్రియా ఇంట్లో, చలవరాయి మీద.

"మామా, లూలూకి బాగలేదు" అంటే
"ముసల్దయింది రెడ్డెమ్మా" అనింది.
కాదు మామా.
ముసలితనం ఇన్ని నీళ్లు తాగదు.

దక్తూరా హనాన్ చెవి అంచున ఒక చుక్క తీసి
మిషన్లో చూసి
మామాకి అరబ్బీలో, నాకు చేతుల్తో చెప్పింది.
షుగరంట. పిల్లులకీ వస్తాదంట.
నేను నవ్వినా. నవ్వినందుకు సిగ్గుపడినా.

సూది చూస్తే మామాకి కళ్లు తిరుగుతాయి.
బాబాకి ఆఫీసు. పిల్లలకి పరీక్షలు.
ఎర్ర మూత సూదే వాడాల,
రెండు గీతలు, మూడోది కాదు.
తినకుంటే సూది లేదు.
సీసాని కుదపొద్దు, అరచేతుల మధ్య దొర్లించు.
ఈ మాటొక్కటి నాకు నేర్పే పనిలేదు,
దీపానికి వత్తులు చేసిన చేతులివి.

మొదటి పూట చెయ్యి వణికి
మందంతా బొచ్చులోకే పోయింది.
"మళ్లీ వెయ్యొద్దు, ఈ పూటకింతే" అనింది ఫోన్లో దక్తూరా.
రాత్రంతా వేళ్లకి ఆస్పత్రి వాసన.

పక్కింటి డ్రైవరు మహబూబ్ పీరుది మా సుండుపల్లె పక్కనే.
మంచుదేశం కుక్కని సాకుతుంటాడు.
గోడ మీంచి నన్ను: "మీ పిల్లికి షుగరెంత?"
నేను: "మీ కుక్క కాళ్లెట్లుండాయి?"
వాళ్ల పిల్లోడు మిట్టమధ్యాన్నం తారు మీద తిప్పితే
అరికాళ్లు బొబ్బలెక్కినాయి దానికి.
కడిగి, మందేసి, గుడ్డ చుట్టి,
నాక్కోకుండా మెడకి గరాటు కట్టినారు.
"అడ్డమొచ్చినోళ్లందర్నీ గుద్దుతాంది అక్కా!"
మనుషుల రోగాలు కూడా ఇంత శ్రద్ధగా
అడిగిందాన్ని కాదు నేను.

రంజాన్‌లో ఒక రాత్రి, ఇంటినిండా చుట్టాలు,
సూదేసినాక తిన్నదంతా కక్కిందని
నేను చూళ్లేదు.
తొమ్మిదికి సోఫా కింద దొరికింది,
తాగినోడి మాదిరి తూలుతా, కళ్లు ఎటో.
బాబాకి యెమెన్ నుంచి వచ్చే రేగు తేనె,
ఎవుర్నీ తాకనియ్యడు.
మూత తిప్పినా. వేలు ముంచినా.
చిగుళ్లకి రుద్దినా.
మళ్లీ ముంచినా.

చూపు తిరిగొచ్చి అది నా వేలు కొరికినప్పుడు
వాకిట్లో బాబా నిలబడుండాడు.
సీసా వైపు చూసినాడు, పిల్లి వైపు చూసినాడు,
ఏమనకుండా పోయినాడు.
తెల్లారి ఆ సీసా పై అరలో లేదు,
నా చెయ్యందే అరలో ఉండాది.

ఎండు మేత మాన్పించి డబ్బా మాంసం పెట్టినాం.
నాలుగో నెలకి రెండు గీతలు ఒకటైంది,
ఆపైన అదీ లేదు.
కొన్ని పిల్లులకి వెనక్కి పోతాదంట,
మళ్లీ రానూవచ్చంట.
"నీళ్ల గిన్నె మీద కన్నేసి పెట్టు" అనింది దక్తూరా.

ఇప్పుడు లూలూ మునివేళ్ల మీద వస్తాది.
నిన్న ఫ్రిజ్ నెత్తినెక్కి కూచోనుంది.

అయినా ఏడు కొడితే
నేను ఆ తలుపు తీస్తా, ఊరికే.
అదీ దిగొచ్చి, వెనక్కి తిరిగి,
భుజం నాకిచ్చి నిలబడతాది.
తోలు కొంచెం పైకెత్తి
వదిలేస్తా.