మడ్డి

డబ్బా మీద రాసి ఉంది:
ఆయిల్ మార్చే ముందు పొయ్యండి,
పది నిమిషాలు ఇంజిన్‌ని ఊరికే తిరగనివ్వండి,
లోపలి మురికంతా కరిగి వచ్చేస్తుంది.
ఇరవై రెండు డాలర్లు. తగ్గింపులో పదిహేడు.
పది నిమిషాల్లో ఏదైనా కడుక్కుపోతుందంటే
నాకు మొదటి నుంచీ అనుమానమే.
అయినా కొన్నాను.

జిలాంగ్‌లో జులై.
షట్టరు కింద నుంచి దూరిన సముద్రపు గాలి
నా కాలివేళ్ళు లెక్కపెడుతోంది.
మిర్కో బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తిప్పి
లోపలికి చూపుడువేలు పోనిచ్చి
బయటికి తీసి నా ముందు పెట్టాడు.
మాడిన బెల్లం పాకం.
గోకితే గిన్నె అడుగే వచ్చేసేంత మొండి నలుపు.

"ఇది పొయ్యనా?" డబ్బా చూపించాను.
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
"కొత్తప్పటి నుంచీ పోస్తూ ఉంటే పొయ్యి.
ఇప్పుడు పోస్తే పెళ్ళలు పెళ్ళలుగా ఊడి
అడుగున జల్లెడకి అడ్డం పడుతుంది,
పంపు ఉత్త గాలి పీలుస్తుంది.
అయినా, ఇందులో ఏ సీలు ఆయిల్‌ని ఆపుతోందో
ఏ సీలుని మడ్డి ఆపుతోందో
నాకు తెలీదు."

పక్క బండి కింద నుంచి, కాళ్ళు మాత్రమే కనిపిస్తూ, టేలా:
"నేను యాభై బళ్ళకి పోశాను. ఒక్కటీ చావలేదు."
"చచ్చిన బండి నీ దగ్గరికి నడిచొచ్చి చెబుతుందా?"
స్పానర్ నేల మీద పడ్డ చప్పుడు.
అదే ఆమె జవాబు.

నాకు ఆముదం గుర్తొచ్చింది.
నెలకో ఆదివారం పరగడుపున
మేనత్త ముక్కు మూసి పోసేది.
సాయంత్రానికి గోడ పట్టుకుని నడిచేదాన్ని.
పొట్ట శుభ్రపడిందని అందరూ సంతోషించేవాళ్ళు.
ఆకలి మాత్రం గురువారానికి గానీ తిరిగొచ్చేది కాదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది, ఇది మొన్నటిదే.
నేను పనిచేసే వృద్ధుల హోంలో ఏడో గది ఆల్బీ
ఇంటి నుంచి తెచ్చుకున్న కుర్చీ,
చేతుల మీద జిడ్డు అట్టలు కట్టి ఉండేది.
పారేసి కొత్తది వేశాం. నేనే సంతకం పెట్టాను.
ఆ వారం రెండుసార్లు పడ్డాడు.
చీకట్లో లేచేటప్పుడు
అతని చెయ్యి వెతికేది ఆ జిడ్డునే.

గ్లవ్ బాక్స్‌లో సర్వీసు పుస్తకం ఉంది.
పాత యజమానురాలు మార్జరీ పెట్టిగ్రూ
ఆరు నెలలకోసారి నీలి సిరాతో రాసుకుంది:
ఆయిల్, ఫిల్టర్, ఒకచోట "వాన, ఆలస్యమైంది."
ఉన్నట్టుండి ఒక ఏప్రిల్ తరవాత ఏమీ లేదు.
ఏడేళ్ళ ఖాళీ గళ్ళు.
చూపు పోయిందో, డబ్బు పోయిందో, మనిషే పోయిందో,
బండి అమ్మిన మేనల్లుడు చెప్పలేదు, నేనూ అడగలేదు.
మిర్కో వేలికి అంటుకున్నది ఆ గళ్ళే.

"వేడి మీద దించేద్దాం," అన్నాడు.
బోల్టు విప్పాడు.
ముందు తాడులా పడింది,
కాసేపటికి జడలోంచి జారిన పోగులా,
తరవాత చుక్క. చాలాసేపటికి ఇంకో చుక్క.
ముగ్గురం నిలబడి చూశాం, తొందరేమీ లేనట్టు.
"వెయ్యి కిలోమీటర్లు నడిపి మళ్ళీ రా.
ఆ తరవాత రెండు వేలకి.
మంచి ఆయిల్ పోస్తూ ఉంటే అదే నిదానంగా కడుక్కుంటుంది."
"కడుక్కోకపోతే?"
"నడిచినన్నాళ్ళు నడుస్తుంది.
కొండనాలుకకి మందేసి ఉన్న నాలుక ఊడగొట్టుకోకు,"
అన్నట్టే ఏదో అన్నాడు తన భాషలో,
నాకు అలాగే వినబడింది.

పుస్తకం తెరిచి చాలాసేపు ఆలోచించాను,
మొదటి ఖాళీ గడిలో రాయాలా,
ఏడేళ్ళు దాటి కింద రాయాలా అని.
కిందే రాశాను.
ఆ మధ్య తెలుపు ఆమెది.

స్టార్ట్ చేస్తే టిక్ టిక్ ఇంకా ఉంది,
కొంచెం మెత్తబడిందని టేలా అంటుంది,
అదేం లేదని మిర్కో.
డబ్బా డిక్కీలో ఉంది,
ప్రతి రౌండబౌట్ దగ్గరా ఇటు నుంచి అటు దొర్లుతుంది.
తిరిగిచ్చేద్దామంటే
రసీదు ఎక్కడ పెట్టానో.